రెండు నిమిషాల స్వాగతం

గుమ్మానికి ర్యాంపు ఉంది, వేదికకు లేదు, అంటే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు కింద కూర్చుని చప్పట్లు కొట్టిపోవాలనా, వేదిక పని కూడా చూస్తున్న మైకతన్ని పిలిచి నాలుగు దులిపేద్దామనుకున్నాను, వే దగ్గరే నాలుక అతుక్కుపోయింది, వే, వే, అతను నా నోటి వంక చూసి నేల చూపులు చూశాడు, చివరికి చీటీ రాసిచ్చాను, వేదికకు ర్యాంపు కావాలి, ఇంతేనా, పెట్టిస్తాను, నోటితో చెప్తే అయిపోయేది కదమ్మా, గొంతు బాలేదా అన్నాడు, అవునని తలూపాను, ఎంత తేలికో అబద్ధం, తల అడ్డం పడదు, నాలుకే పడుతుంది.

నూటఇరవై కుర్చీలు, అన్నీ ఖాళీ, రేపు పొద్దున్నే మా వీడియోలవాళ్ల సభకు నిండుతాయి, చూపు లేకుండా వంటలు చేసి చూపించే పిన్ని, వినపడని దర్జీ పిల్ల, కుర్చీలోంచే మోటార్లు విప్పి బిగించే మెకానిక్ అన్న, సోకు మొహాలనే పిలిచే పెద్ద సభల్ని కడిగిపారేస్తూ వీడియో పెట్టింది నేనే, ఎలా ఉన్నవాళ్లు అలాగే రండి అని ఆహ్వానం రాసిందీ నేనే, ఏం గొంతమ్మా, కత్తి అన్నారంతా, కత్తి కాదు నాయనా, కత్తెర, మూడు నిమిషాల కోపానికి నలభై కోతలు, నత్తి పడిన చోటల్లా తెంపి అతికించాను, చిన్నప్పుడు నా మాటలు అక్క పూర్తి చేసేది, పాపం, ప్రేమతోనే, అది కాపురానికి వెళ్లాక సగం మాటలు సగంలోనే ఉండిపోయాయి, అప్పుడే కెమెరా కొన్నాను, కెమెరా తొందరపెట్టదు, పూర్తీ చేయదు, రెండు లక్షలమంది వింటున్నారు, ఒక్కరికీ నా గొంతు తెలియదు.

ఫోన్ మోగింది, మెకానిక్ అన్న, ఎత్తలేదు, ఎప్పుడెత్తాను గనక, వెంటనే వాయిస్ మెసేజ్, ఏమ్మా, పొగరా, ఏడాదిగా టైపు కొట్టడమే, రేపైనా నోరు విప్పుతావా, లేక చీటీలు రాసిస్తావా, ఒకటే నవ్వు, తర్వాత గొంతు తగ్గించి, నా కుర్చీ కిర్రుమంటోందమ్మా, ఎంత నూనె పోసినా చావట్లేదు, వీడియోల్లో ఆ చప్పుడు తీసేస్తాను, రేపు మైకులో అందరికీ వినపడుతుందే, నేను కిందే కూర్చుంటాలే, ఏమనుకోకు, నాకు ఒళ్లు మండింది, కిర్రుమననీ అన్నా, వింటే వింటారు, నువ్వు పైకి ఎక్కాల్సిందే అని టైపు చేసి పంపేశాను, సరిగ్గా అప్పుడే మైకతను, రేపటి కోసం నేను కోసి అతికించి ఇచ్చిన స్వాగతం వీడియో తెర మీద వేసి చూశాడు.

అందరికీ నమస్కారం అంటోందొకతె, రెండు నిమిషాలు, ఎక్కడా తడబాటు లేదు, ఖాళీ కుర్చీల మీదుగా నా మొహంతో ఎవరో మాట్లాడుతోంది, నేను గోడవారగా నిలబడి వింటున్నాను, నన్ను పిలవని సభకు వచ్చినట్టుంది, పిలవనిదీ నేనే, అన్నను పైకి ఎక్కమని నేను తెర చాటున దాక్కోవడమా, సిగ్గులేకపోతే సరి, పొద్దున్నే ఇదే వేసేస్తానమ్మా అన్నాడు మైకతను, వ, అన్నాను, వ, వ, ఈసారి చీటీ కోసం చెయ్యి చాపలేదు, అతను నేల చూస్తే చూడనీ, వద్దు, అన్నాను, మై, మైకు ఇవ్వు, చాలు, గోడ మీది కార్యక్రమాల పట్టికలో స్వాగతం ఎదురుగా ఉన్న రెండు నిమిషాలు కొట్టేసి పది అని రాశాను, రేపు ఆ కుర్చీ అందరి ముందూ కిర్రుమనాలంటే ముందు నా నాలుక అందరి ముందూ ఆగాలి.