మెడ వాల్చిన బాతులు

ఆదివారం పొద్దున్నే చిలకమ్మ బాతుల గూడు తలుపు తీసింది. రోజూ అయితే తలుపు చప్పుడుకే పద్నాలుగు బాతులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడేవి. ఆ రోజు ఒక్కటీ కదల్లేదు.

వంగి లోపలికి చూసింది. మూడు బాతులు చచ్చిపడి ఉన్నాయి. మిగిలినవి రెక్కలు జారేసి, మెడలు నేలకు ఆన్చి, సగం కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుంటే మెడ తడిగుడ్డలా కిందికి వేలాడింది. రొమ్ము మీద చెయ్యి పెట్టి చూస్తే గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది.

చిలకమ్మకు బాతుల కంటే ముందు అత్త గుర్తొచ్చింది. ఈ సంగతి ముసలామెకు ఎలా చెప్పడం?

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో చివరి వరస వాళ్ళది. చిలకమ్మ మొగుడు అప్పలసూరి టాటానగర్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రెండేళ్ళ కిందట తండ్రి పోతే, తల్లి సింహాచలమ్మను పాలకొండ దగ్గర ఊరి నుంచి తనతో తెచ్చేసుకున్నాడు. వచ్చిన కొత్తలో ఆవిడ గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. బయటికొస్తే అందరూ హిందీ మాట్లాడతారు, ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాదు. చెయ్యడానికి పనీ లేదు. కంచంలో పెట్టింది సగం అలాగే వదిలేసేది. అలాంటి రోజుల్లో అప్పలసూరి సంతలో ఆరు బాతుపిల్లల్ని బుట్టలో వేసుకుని వచ్చాడు. పెంచి కోసుకు తిందామని అతని ఆలోచన. ముసలామె మాత్రం ఆ సాయంత్రమే లేచి కూర్చుంది. నూకలు ఉడకబెట్టి తవుడు కలిపి పెట్టింది. పనికిరావని పారేసిన, పట్టాల కింది స్లీపరు చెక్కలతో, రేకు ముక్కతో కొడుకు చేత గూడు కట్టించింది. వానాకాలంలో కాలవగట్లంట నత్తలు ఏరుకొచ్చేది. ఆ ఆరూ ఈ పద్నాలుగయ్యాయి. గుడ్లు పెట్టేవరకూ పొద్దున వాటిని వదలకూడదని, ముక్కు మునిగేంత లోతు నీళ్ళు లేకపోతే బాతుకు కళ్ళు పుసులు కడతాయని, ఇలాంటివన్నీ కోడలికి నేర్పింది ఆవిడే.

"ఇంకా వదల్లేదేటి?" అంటూ సింహాచలమ్మ మొహం తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చింది.

"అత్తా, నువ్వు ఇటు రాకు."

రావద్దంటే ఆగే మనిషి కాదు. వచ్చి గూట్లోకి చూసింది. కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత, "ఎన్ని పోనాయి?" అని అడిగింది.

"మూడు. మిగిలినవి పేణంతోనే ఉన్నాయి గాని లెగడం నేదు."

రాత్రి డ్యూటీ దిగి అప్పలసూరి అప్పుడే సైకిలు ఆపాడు. చచ్చినవాటిని బయటికి తీసి పక్కన పెట్టాడు. "ఏటి తిన్నాయే ఇవి?" అన్నాడు.

చిలకమ్మ కంచె అవతలికి చూసింది. పక్క క్వార్టరులో ఉండేది సువర్ణకుమారి. బర్మామైన్స్‌ బస్తీలో ఒక బడిలో టీచరు. పెరడంతా కూరగాయలు వేసింది. పది రోజుల కిందట ఈ బాతులు కంచె సందులోంచి దూరి పాలకూర మడి మొత్తం మేసేశాయి. "ఇంకోసారి వస్తే ఊరుకోను చిలకమ్మా" అని ఆవిడ గట్టిగానే అంది. ఇప్పుడు చూస్తే ఆవిడ చిక్కుడు పాదు మీద ఆకు ఆకుకీ తెల్లటి పొడి చల్లి ఉంది.

"అదిగో, ఆ మందే. ఆవిడే ఎట్టీసింది."

"సూసినావా నువ్వు?"

"సూడాలేటి? ఊరుకోనని అనలేదేటి?"

మొగుడు ఆగమంటున్నా వినకుండా చిలకమ్మ కంచె దగ్గరికి వెళ్ళింది. కుళాయి దగ్గర నీళ్ళకు నిలబడ్డ ఆడవాళ్ళు అటు తిరిగారు. సువర్ణకుమారి చర్చికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని, చేతిలో సంచీతో, గొడుగుతో గుమ్మం దిగుతోంది.

"టీచరమ్మా, నాలుగాకులు తిన్నాయని నోరు నేని వాటికి మందెట్టేత్తారా? మీరు సదువుకున్నోళ్ళు కదా."

"మందేంది చిలకమ్మా?"

"ఆకుల మీద తెల్లగా సల్లినారు, అదేటి మరి?"

సువర్ణకుమారి సంచీ మెట్టు మీద పెట్టింది. పాదు దగ్గరికి నడిచి, ఆకు మీద పొడిని చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకుంది. అందరూ చూస్తుండగానే మింగింది.

"పిడకల బూడిద. చిక్కుడుకి పేను పడితే చల్లాను" అంది మామూలుగా.

 అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో చిలకమ్మకు తెలియలేదు. తలొంచుకుని అక్కడే నిలబడింది.

"బాతులకేమైంది? చచ్చిపోయినయ్యా?" అని టీచరే అడిగింది.

"మూడు పోనాయి. మిగతావి మెడలు వాల్చీసినాయి. నిలబడలేకపోతన్నాయి."

ఆ మాట వినగానే ఆవిడ గొడుగు కింద పడేసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కంచె సందులోంచి ఇటు వచ్చేసింది. ఒక బాతును ఒళ్ళో పెట్టుకుని కనురెప్ప పైకి ఎత్తి చూసింది. రొమ్ము మీద ఈక పట్టి మెల్లగా లాగితే ఊడి చేతికొచ్చింది.

"నిన్నా మొన్నా ఎక్కడ మేసినయ్ ఇవి?"

ఎండలకు క్వార్టర్ల వెనక గుంట ఎండిపోయింది. అందుకని చిలకమ్మే రెండు రోజులుగా వాటిని యార్డు గోడ పక్కనున్న మడుగుకు తోలుకెళ్ళింది. ఇంజన్లకు నీళ్ళు పట్టే గొట్టం కారి అక్కడ మోకాలి లోతు నీళ్ళు చేరతాయి. బాతులు అక్కడినుంచి రామని మొరాయించాయి కూడా.

"యార్డు గోడ కాడ మడుగులో పురుగులు దొరికినాయి. కడుపునిండా తిన్నాయని మేం సంతోసించినాం" అంది చిలకమ్మ.

"దేని పురుగులు?"

ఆ సంగతి చిలకమ్మకు తెలియదు. అప్పలసూరి సైకిలెక్కి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. మొహం ఏవగింపుగా పెట్టాడు. "పంది సచ్చి పడున్నాది, రెల్లు సాటున. సగం నీల్లల్లోనే. ఒల్లంతా పురుగులే."

సువర్ణకుమారి తల ఊపింది. "మాది కొల్లేటి పక్కన. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా అమ్మ బాతులు నలభై ఇట్టాగే పడిపోయినయ్. కుళ్ళిన మాంసంలో విషం పుడుతుంది. పురుగుకేం కాదు. ఆ పురుగును తిన్న బాతుకు ముందు కాళ్ళు పోతాయి, తర్వాత మెడ నిలవదు, ఈకలు ఊడొస్తాయి."

"నలభైలో ఎన్ని బతికినాయి?" అని సింహాచలమ్మ అడిగింది.

"సగం, పెద్దమ్మా. ఒక్క రోజు నిలబెట్టగలిగితే చాలు, అవే లేస్తాయి."

చిలకమ్మ గబగబా నీళ్ళ తొట్టి జరిపి, ఒక బాతును అందులో దింపబోయింది. టీచరు చెయ్యి పట్టుకుని ఆపింది. "అట్టా నీళ్ళల్లో పెట్టమాకు. మెడ ఎత్తలేదు కదా, అందులోనే మునిగి చస్తది."

తర్వాత ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశారు. పదకొండు బాతుల్నీ వరండా నీడలోకి మార్చారు. గోనెసంచులు తడిపి ఎండ వచ్చే వైపు కట్టారు. కడుపులో విషం కడిగెయ్యడానికి విరేచనాల ఉప్పు తెమ్మని అప్పలసూరిని బర్మామైన్స్‌కు పంపింది. ఆదివారం, మందుల షాపు మూసి ఉంది. అతను వెనక గుమ్మం తట్టాడట. షాపాయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "రవివార్ హై భాయీ" అన్నాడట. ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగితే, బాతులకని అప్పలసూరి నిజమే చెప్పేశాడు. ఆయన నవ్వి, షాపు తెరిచి ఇచ్చాడట.

సువర్ణకుమారి తన ఇంటినుంచి కొత్త ఇంకు ఫిల్లరు తెచ్చింది. ఉప్పు కలిపిన నీళ్ళు మొదట ఒక్కసారి, ఆ తర్వాత గంటకోసారి మంచినీళ్ళు. ముక్కు తెరిచి, నాలుక పక్కనుంచి చుక్క చుక్కగా వదలాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకు ఓపిక కావాలి. ఆ ఓపిక సింహాచలమ్మ దగ్గర ఉంది. గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపి కూర్చుని, బాతును పక్కన పెట్టుకుని, దాని మెడ తన తొడ మీద ఆన్చి ఫిల్లరుతో పట్టేది. ఒకటయ్యాక ఇంకోటి. పదకొండూ అయ్యేసరికి మళ్ళీ మొదటిదాని వంతు వచ్చేది.

మధ్యాహ్నం వడగాలి మొదలైంది. అన్నిటికంటే నీరసంగా ఉన్న తెల్లబాతు ముసలామె ఒళ్ళోనే ప్రాణం విడిచింది. అంతవరకూ ఆపుకున్న చిలకమ్మ ఏడ్చేసింది.

"నానే తోలినాను అత్తా. నా సేతుల్తో నానే తోలినాను అటు."

"నువ్వు తోలితే, బాగా మేసినాయని నాను మెచ్చుకోలేదేటి? ఇద్దరికీ తెల్దు. ఏడుపు తరవాత. ముందు నీల్లు తే" అంది సింహాచలమ్మ, చచ్చిన బాతును మెల్లగా పక్కకు జరిపి.

చిలకమ్మ నీళ్ళు తెచ్చింది. టీచరు గోనెలు మళ్ళీ తడిపింది. ఆవిడ తెల్లచీర నిండా బాతుల రెట్ట మరకలు. అప్పలసూరి నిద్ర మానేసి, ఇద్దరు గ్యాంగుమన్లను వెంటబెట్టుకుని యార్డు గోడ దగ్గరికి వెళ్ళాడు. గొయ్యి తీసి పందిని పూడ్చి సున్నం చల్లి వచ్చారు.

పొద్దు వాలుతుండగా సింహాచలమ్మ "సిలకా" అని పిలిచింది. ఆ గొంతు విని చిలకమ్మ ఇంకోటి పోయిందనుకుంది. ముసలామె వేలితో చూపించింది. మచ్చల బాతు మెడ నేల మీదినుంచి బెత్తెడు ఎత్తు లేచింది. వణుకుతూ ఒక్క క్షణం నిలిచి మళ్ళీ వాలిపోయింది. ఆడవాళ్ళు ముగ్గురూ చూస్తుంటే ఇంకోసారి లేచింది. ఈసారి వాలలేదు.

"ఇక పర్లేదు. తెల్లారేసరికి మిగతావి కూడా ఎత్తుతాయి" అంది సువర్ణకుమారి. అని గుమ్మంలోనే చతికిలబడింది. పొద్దుటినుంచి ఆవిడ ఏమీ తినలేదని చిలకమ్మకు అప్పుడు తట్టింది. లోపలికి వెళ్ళి గంజన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప తెచ్చి ముందు పెట్టింది. "టీచరమ్మా, పొద్దున నాను..." అని మొదలెట్టింది.

"తర్వాత చెబుదువుగాని. చేప ఇంకోటుందా?" అంది టీచరు.

సోమవారం పొద్దున చిలకమ్మకు వరండాలో బొళబొళ నీళ్ళ చప్పుడుతో మెలకువ వచ్చింది. ఆరు బాతులు లేచి నిలబడి మూకుట్లో ముక్కులు ముంచుతున్నాయి. మిగిలిన నాలుగూ కూర్చునే ఉన్నా మెడలు నిటారుగా ఉన్నాయి. సింహాచలమ్మ గోడకానుకునే, తల ఒక పక్కకు వాల్చి గురకపెడుతోంది. చిలకమ్మ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి. నిన్నటినుంచి గుండెల మీద కూర్చున్న బరువేదో దిగిపోయి, ఒళ్ళంతా తేలికై, నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

ఆ తర్వాత బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. నిన్నటి ఆడవాళ్ళే ఉన్నారు. సువర్ణకుమారి కూడా బడికి వెళ్ళేముందు నీళ్ళకోసం వచ్చింది. చిలకమ్మ బిందె దించి, టీచరు విషం పెట్టలేదని, తనే తప్పుగా అన్నానని, ఆవిడే వచ్చి అన్నిటినీ కాపాడిందని తనకొచ్చిన వంకర హిందీలో అందరికీ వినపడేలా చెప్పింది.

"టీచర్జీ జహర్ నహీ దియా. హమ్ గలత్ బోలా. ఏ ఆకే సబ్ బచాయా."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు.  సువర్ణకుమారి కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది.

"టీచర్జీ కాదు, టీచర్జీ నే అనాలి" అంది. "ఎన్ని లేచినయ్?"

"ఆరు. నాలుగు కూకునే ఉన్నాయి గాని మెడలెత్తినాయి."

"లేస్తాయి. ఇంకో రెండు రోజులు ఎటూ తోలమాకు."

"మీ పాలకూర మళ్ళీ నాను ఏత్తాను టీచరమ్మా. కంచె కూడా మా ఆయన సేత కట్టిత్తాను."

"కట్టించు" అంది టీచరు, బిందె నడుముకెత్తుకుంటూ.

చిలకమ్మ ఇంటికొచ్చి టీ కాచింది. అత్తను లేపి గ్లాసు చేతికిచ్చి, తానూ ఒకటి పట్టుకుని పక్కన కూర్చుంది.  వరండా చివర మచ్చల బాతు తడబడుతూ నాలుగడుగులు వేసి, ఆగి, రెక్కలు రెండూ విదిల్చుకుంది.