నూనెబుడ్డి వేడిగాలి ఇంజను

పదకొండోసారి చక్రాన్ని వేలితో తోశాడు. అది రెండు చుట్లు బుద్ధిగా తిరిగి, మూడో చుట్టు సగంలో ఏదో మరిచిపోయినట్టు ఆగి, కాస్త వెనక్కి జారి నిలబడిపోయింది. కింద సిరాబుడ్డి దీపం మాత్రం నీలంగా, నిశ్చింతగా మండుతూనే ఉంది. ఆయన దీపం మీద మూత పెట్టి ఆర్పి, పక్కనున్న నూనె డబ్బా అందుకుని, బొటనవేలితో దాని అడుగున నొక్కాడు. టక్. పిస్టన్ మీద ఒక చుక్క. టక్, టక్. ఇరుసుకు అటొకటి, ఇటొకటి.

మెట్ల కింద గది అది. ఒకప్పుడు కట్టెలు, ఆ తర్వాత గ్యాసు బండ, ఆ తర్వాత పనికిరాని సామాను ఉండేవి. పాత తలుపు ఒకదాన్ని రెండు డ్రమ్ముల మీద పరిచి బల్ల చేసుకున్నాడు. దానికి ముక్కలు బిగించే పట్టుడు ఒకటి, నాలుగు ఆకురాళ్ళు, చేత్తో తిప్పే బెజ్జాల మర. నిటారుగా నిలబడితే మెట్టు నెత్తికి తగులుతుంది. తగిలి తగిలి, ఆ మెట్టు అంచున ఒకచోట సున్నం పోయి నున్నగా అయింది. రిటైరయ్యాక ఆయన పగలంతా అక్కడే. వాళ్ళావిడకి ఏదైనా కావలసివస్తే మెట్టు మీద గరిటెతో రెండు దెబ్బలు కొడుతుంది.

బట్టల మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశాడు ఆయన. ఏం పని అంటే, నూనె పోసే పని. అంతే. నూలు వడికే మరల మధ్య సన్నటి దారుల్లో డబ్బా పట్టుకుని నడవడం, ఎక్కడ ఇరుసు గొంతు మారిందో విని అక్కడ చుక్క వేయడం. పక్కవాడి మాట వినపడనంత మోతలో ఆయనకి మాత్రం ఏ మర ఎక్కడ మూలుగుతోందో తెలిసేది. మర అరిస్తే అందరూ ఆయన కోసం వెతికేవారు. ఆయనేమో అరవనిచ్చేవాడు కాదు. అందుకని ఆయన్ని వెతికే పని ఎవరికీ పడలేదు. రిటైరైన రోజు దండ వేయడానికి వచ్చిన మేనేజరు, ఈయన ఏ సెక్షను అని పక్కవాళ్ళని అడిగాడు. ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు గాని, ఆవిడ నవ్వలేదు.

మిల్లులో ఆయన్ని నూనెబుడ్డి అనేవారు. వీధిలోనూ అదే పేరు నిలిచింది, ఎందుకంటే మిల్లు మానేసినా చెయ్యి మానలేదు. కిర్రుమన్న తలుపు ఎవరిదైనా సరే, డబ్బా పట్టుకుని బయలుదేరేవాడు. ఆ వీధిలో ఒక్క గేటు, ఒక్క బావి గిలక, ఒక్క ఉయ్యాల చప్పుడు చేయదు. దొంగలకి ఇంతకన్నా మంచి వీధి దొరకదని, వాళ్ళొచ్చి మీకు దండం పెట్టి పోవాలని ఆవిడ వేళాకోళం చేసేది.

ఈ ఇంజను గొడవ మాత్రం మిల్లుది కాదు. అంతకు ముందుది. ఆయనకి ఏడేళ్ళప్పుడు, వాళ్ళ నాన్న ఒక ఆసుపత్రిలో తోటమాలి. ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో నల్లటి ఇంజను ఒకటుండేది. ఆవిరి లేదు, బాయిలరు లేదు, ఈల లేదు. అడుగున గుప్పెడు చెక్కపొట్టు మండుతుంటే చాలు, దాని చక్రం నిద్రలో తిరిగినట్టు తిరుగుతూ, నీళ్ళని మూడో అంతస్తు తొట్టిలోకి ఎక్కించేది. లోపలేముంది అని అడిగితే గాలి అన్నాడట నాన్న. ఏ గాలి అంటే, ఇదే, మనం పీల్చేదే, వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఆ మాత్రానికే ఇంత పని చేస్తుంది అని. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన రోజూ వెళ్ళి ఆ చక్రం ముందు నిలబడేవాడు. తన ముక్కులో ఉన్నదీ ఆ ఇనుములో ఉన్నదీ ఒకటేనా అని ఊపిరి బిగబట్టి చూసేవాడు. తర్వాత కరెంటు మోటారు వచ్చింది. ఇంజనుని ముక్కలు చేసి బండి మీద వేసుకుపోయారు.

ఆ ఇంజనుకే ఇప్పుడు పదో వంతు బొమ్మ చేస్తున్నాడు. కాగితం లేదు, ఫోటో లేదు. కొలతలెక్కడివని అడిగితే తలుపు చట్టం చూపించేవాడు. దాని మీద కూతురు ఎత్తు ఏడాదికో పెన్సిలు గీతగా ఉంది. ఏడో ఏడు గీత దగ్గర ఆగి, తనూ ఆ వయసులో అంతే ఉండేవాణ్ణని, చక్రం తన గొంతు దాకా వచ్చేదని, గీత కింద గొంతు ఎక్కడుంటుందో అక్కడ వేలు పెట్టి, టేపు పరిచి, పదో వంతు తీశాడు. పొయ్యి మోకాలి దాకా, గొట్టం నడుం దాకా. ఒక ఇనుప ఇంజను మొత్తాన్ని ఏడేళ్ళ ఒంటి మీద కొలిచి తెచ్చుకున్నాడు. మిల్లు తుక్కులోని ఇత్తడి పుల్లీని నెలరోజులు ఆకురాయి పట్టి ఆరు రేకుల చక్రం చేశాడు. సైకిలు పుల్లలు కడ్డీలయ్యాయి. పెద్ద గొట్టంలో గాలిని వేడి వైపు నుంచి చల్లని వైపుకి నెట్టే డొల్ల దిమ్మ, పక్కనే చిన్న గొట్టంలో ఆ గాలి తోసే పిస్టన్. అన్నీ కుదిరాయి. తిరగడం ఒక్కటే లేదు. ఎనిమిది నెలలుగా లేదు.

ఇక ఆగడానికి వీల్లేదు. ఆయన గుండెలో కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. అక్కడ రెండు చుక్కలు పోస్తే సరిపోదా డాక్టరుగారూ అని ఈయన అడిగితే, డాక్టరు నవ్వి, పెద్దాసుపత్రికి కాగితం రాసిచ్చాడు. తెల్లారితే కూతురు వచ్చి తీసుకెళుతుంది. కోసి బాగుచేస్తారు. బాగైతే బాగవుతుంది. కాకపోతే? ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. ఆయన అనుకున్నది ఒక్కటే, వెళ్ళేలోగా ఇది ఒక్కసారి తిరగాలి. ఇన్నేళ్ళూ ఎవరో చేసిన మరల్ని తిరగనిచ్చాడు. తను చేసినది ఒకటి తిరగడం చూడాలి.

పన్నెండోసారీ తిరగలేదు. చొక్కా వేసుకుని ఫిట్టరు దగ్గరికి బయలుదేరాడు.

ఫిట్టరు మిల్లు నాటి స్నేహితుడు, ఇప్పుడు బజారులో చిన్న లేతు మర పెట్టుకున్నాడు. వరసలేమీ లేకపోయినా బావా అంటే బావా. పిస్టన్‌ని లేతు మీద చేసిచ్చింది ఫిట్టరే. పది గేట్ల దూరానికి దారిలో ఈయన రెండుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా ఊరికే నిలబడితే ఎవరైనా చూస్తారని, పక్కనున్న గేటు తెరిచి మూసి చప్పుడు విన్నట్టు నటించాడు. ఏ గేటూ పలకలేదు.

ఫిట్టరు చేతిలో పని అయ్యేదాకా గంటసేపు కూర్చోబెట్టి, లేతు ఆపకుండానే అంతా విన్నాడు. మిల్లువాళ్ళకి మర తిరగకపోతే తోచేది ఒకటే.

"ఒరేయ్ నూనెబుడ్డీ, సందులోంచి గాలి పారిపోతోందిరా. నీ పలచ నూనె ఏం ఆపుతుంది? ఇది పట్టుకెళ్ళు."

తేనెలాంటి చిక్కటి గేరు నూనె, దగ్గు మందు సీసా నిండా. ఈయన సీసాని వెలుతురులోకి పట్టి చూసుకుంటుంటే, ఫిట్టరు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, చాలాసేపు తుడుచుకుంటూ, రేపు బండి ఎన్నింటికిరా అని అడిగాడు. ఏడింటికి అన్నాడు ఈయన. వస్తాలే అన్నాడు ఫిట్టరు.

ఇంటికొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

ఇంజను వంటింటి కిటికీలో, ఎండలో, పాత చీర ముక్క మీద ఉంది. ముక్కలు ముక్కలుగా. గిన్నెలు బోర్లించినట్టు గొట్టాలు బోర్లించి, పిస్టన్ పక్కన దిమ్మ, దిమ్మ పక్కన కడ్డీలు, వరసగా. వేడినీళ్ళలో గిన్నెలు తోమే పొడి వేసి, పాత పళ్ళ బ్రష్షుతో మూలమూలలా తోమి, రెండు నీళ్ళలో జాడించి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టింది ఆవిడ. రోజూ ఆయన విప్పడం చూస్తూనే ఉంది, విప్పడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఇత్తడి చక్రం తళతళలాడుతోంది.

ఆయన చూశాడు. ఆవిడకి ఆ నిలబడటం తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన మిల్లు చొక్కాని ఉడకబెట్టి రంగు పోగొట్టినప్పుడు ఇలాగే నిలబడ్డాడు.

"రేపు బట్టల మధ్య పెడదామనుకున్నానండీ. అక్కడ మంచం పక్కన ఉంటే మీకు తోచుబడిగా ఉంటుందని. ఆ నూనెతో పెడితే దుప్పట్లన్నీ పాడవుతాయి కదా."

కోపమంతా ఎక్కడికి పోయిందో. ఒక్కొక్క ముక్కా ఏరుకుని, చీర ముక్కతో సహా మెట్ల కిందికి తెచ్చుకున్నాడు. నిమ్మళంగా బిగించాడు. పిస్టన్‌ని గొట్టంలోకి దించితే అది తనంతట తనే, మెల్లగా, ఊపిరి వదులుతున్నట్టు కిందికి దిగింది. ఆయన చెయ్యి ఆగింది. ఇంతకుముందెప్పుడూ అలా దిగలేదు, తోస్తే గాని దిగేది కాదు. పైకి తీసి మళ్ళీ వదిలాడు. మళ్ళీ దిగింది.

అలవాటుగా డబ్బా అందుకున్నాడు. బొటనవేలు అడుగున పడింది. నొక్కబోయే ముందు, ఎందుకో, ఎడమ చేత్తో చక్రాన్ని ఒక్కసారి తోసి, చెవి దగ్గరగా పెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ చెవి అది. ఇందాకటిదాకా ఇందులో ఒక చిన్న చప్పుడుండేది. నాలుక అంగిలికి అతుక్కుని విడిపోయినట్టు, చప్... చప్. దాన్ని నూనె తాగుతున్న చప్పుడనుకున్నాడు. మిల్లు మరల్లో అది ఆరోగ్యం. ఇప్పుడా చప్పుడు లేదు. చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, ఇంకా తిరుగుతోంది.

ఇంత చిన్న ఇంజనుకి ఆ పలచ నూనె జిగురే కొండంత బరువని ఆయనకి అప్పుడు తెలిసింది. డబ్బాని చప్పుడు కాకుండా అరమీద పెట్టేశాడు. గేరు నూనె సీసాని దాని పక్కన పెట్టాడు. సిరాబుడ్డిలో స్పిరిట్ నింపి, వత్తి వెలిగించి, గొట్టం పైభాగానికి తడిగుడ్డ చుట్టాడు. అరవై అంకెలు లెక్కపెట్టాడు. చక్రాన్ని వేలితో ముట్టుకున్నాడు. తోయడం కూడా కాదు, ముట్టుకున్నాడంతే.

తిరిగింది.

మొదట ఆరు రేకులూ లెక్కపెట్టేటట్టు. తర్వాత ఆరూ కలిసిపోయి, చక్రం ఉన్నచోట ఒక బంగారు పొర మాత్రం మిగిలింది. పొగ లేదు. మోత లేదు. దీపం మంట వణకడం కూడా లేదు. మెట్టుకి తల తగలడం కూడా తెలియకుండా లేచి నిలబడ్డాడు ఆయన. అరవైయేళ్ళ కిందట బండెక్కి వెళ్ళిపోయినది, ఎవరి కంటా పడకుండా ఇన్నేళ్ళూ నడిచి నడిచి, అలిసి, ఇంత చిన్నదై, ఈ గదికి వచ్చి చేరినట్టుంది.

గరిటె లేదు గనక మెట్టు మీద పిడికిలితోనే రెండు దెబ్బలు కొట్టాడు. ఆవిడ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది, ఏమైందో అని. వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. చాలాసేపు చూసింది.

"ఏం పోశారు?"

"ఏమీ పొయ్యలేదు."

ఆవిడ నమ్మలేదు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని చక్రం పక్కకి తెచ్చాడు. పిండి అంటిన వేళ్ళకి చల్లటి చిరుగాలి తగిలింది. ఇద్దరూ గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించారు, ఎవరూ తగ్గించమనకుండానే.

"లోపలున్నది గాలేనా?"

"మనం పీల్చేదే." నవ్వుతూ అన్నాడు, "ఎనిమిది నెలలుగా నేనే ఆపుతున్నానే దీన్ని."

"నాకు చెబితే మొదటిరోజే తోమిపెట్టేదాన్నిగా."

ఇద్దరూ నవ్వారు. ఆయన గోడకి జేరబడి పీట మీద కూర్చుని, టీ పెట్టమన్నాడు. ఇద్దరం దీన్ని చూస్తూ తాగుదాం అన్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుని, టీ పెట్టి, రెండు గ్లాసులతో వచ్చేసరికి చక్రం అలాగే తిరుగుతోంది. ఆయన తల కాస్త పక్కకి వాల్చి, చెవి దానివైపు పెట్టి, వింటున్నాడు. మిల్లు రోజుల నుంచీ వినేటప్పుడు కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. కదిలించడం ఇష్టంలేక గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ గడప మీద కూర్చుంది. చక్రం చూస్తూ మాట్లాడింది. దుప్పట్లు రెండు పెట్టానని, అమ్మాయి బండి ఎక్కగానే ఫోను చేస్తానందని, ఆసుపత్రిలో డాక్టర్లందరికీ దీన్ని చూపించాలని, నడిపించడానికి స్పిరిట్ అక్కడ అడిగితే వాళ్ళే ఇస్తారని. సాయంత్రపు ఎండ బల్లమీదికి వచ్చి, చక్రం నీడ ఆయన చొక్కా మీద తిరిగింది. ఎంతసేపైనా చూడబుద్ధేసింది. స్పిరిట్ అయిపోయి దీపం ఆరింది. అయినా అది మిగిలిన వేడితోనే ఇంకాసేపు తిరిగి, ఆరు రేకులూ మళ్ళీ ఒక్కొక్కటిగా కనిపించి, ఆగింది.

"ఆగిపోయిందండీ. ఇంక టీ తాగండి, చల్లారిపోయింది" అని, అప్పుడు తిరిగి చూసింది.

మర్నాడు ఏడింటికి కూతురు వచ్చింది, ఫిట్టరూ వచ్చాడు. శ్మశానానికి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చాక, చేసేవి చేశాక, నాలుగోరోజున ఫిట్టరు మెట్ల కింద గదిలోకి ఒంగి, దీపం వెలిగించి, తను చేసిచ్చిన పిస్టన్ మీదికి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. చక్రం తిరుగుతోంటే తట్టుకోలేకపోయాడు. దాని కోసం ఏదైనా చెయ్యాలనిపించిందేమో, చెయ్యి అరమీద డబ్బా వైపు పోయింది.

"వద్దన్నయ్యా. దానికి పొయ్యకూడదు" అంది ఆవిడ.

ఫిట్టరు వెళ్ళాక డబ్బాని తనే కిందికి దించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నొక్కి నొక్కి, దాని అడుగు రేకు మీద గుంట పడింది, గోటి అంచుతో సహా. ఆవిడ తన బొటనవేలు అందులో పెట్టి చూసింది. చుట్టూ ఇంకా చోటు మిగిలింది.