పధ్నాలుగు నెలల పురాతన శిల

వరహాలరావు పంతులుగారు మన్యం చూడడానికి వస్తున్నారని కబురు అందిన రోజున నాకు జ్వరం లేదు. అదే నా దురదృష్టం. జ్వరం ఉండి ఉంటే దుప్పటి ముసుగేసుకుని రాలేనని చెప్పించేవాణ్ణి.

పంతులుగారిది విజయనగరం. మహా పండితులు. మన్యంలోని ప్రాచీన అవశేషాల మీదా కొండవాళ్ళ హస్తకళల మీదా పెద్ద పుస్తకం రాయాలని ఆయన సంకల్పం. ఎవరో జమీందారు మోటారు కారునీ, దాన్ని నడిపే తాతారావునీ నాలుగు రోజులకి ఇచ్చాడు. కొండభాషలు తెలిసిన మనిషి కావాలని వెతికితే, అరకు లోయలో సర్కారు బడి వెలగబెడుతున్న నేను దొరికాను. పంతులుగారు జిల్లా బోర్డులో మెంబరు కూడా. మా బోటిగాళ్ళ బదిలీ కాగితాలు ఆయన కళ్ళ ముందు నుంచే వెళ్తాయి. "సన్యాసిరావూ, నాలుగు దినములు నా వెంట తిరుగుము. గజపతినగరమునకు నీ బదిలీ నేను చేయించెదను" అని కార్డు రాశారు. ఆ కార్డు పట్టుకుని నేను ఆయన వెంట లంకకైనా వెళ్ళేవాణ్ణి.

గజపతినగరంలో నా భార్య రాజులమ్మ పుట్టింట్లో ఉంది. పెళ్ళయిన ఆరు నెలలకే నన్ను ఈ కొండ మీద పడేశారు. మూడేళ్ళయింది. నెలకో ఉత్తరం రాస్తాను. ఇక్కడ నేను క్షేమం, గాలి చల్లగా ఉంటుంది, వచ్చే నెల బదిలీ ఖాయం. ఈ మూడింటిలో గాలి సంగతి ఒక్కటే నిజం.

అనంతగిరిలో ఆయన కోసం కాసుకుని కూర్చుంటే, మలుపులో ముందుగా రెండు జతల ఎడ్లు కనిపించాయి. వాటి వెనక తాళ్ళతో కట్టిన మోటారు కారు, అందులో గొడుగేసుకుని పెళ్ళికొడుకులా పంతులుగారు.

"ఇంజిను ఉడికిపోనాది మేస్టారూ. బేగి నీళ్ళు అట్రండి," అన్నాడు తాతారావు.

పంతులుగారు వాడుకభాష ముట్టరు. మడి గట్టుకున్నట్టు గ్రాంథికంలోనే మాట్లాడతారు. ఎడ్లని కూడా "లాగుడు, లాగుడు" అని బహువచనంలో బతిమాలారు. అవి పుట్టి బుద్ధెరిగాక అంత మర్యాద ఎరగవు కాబోలు, కదలకుండా నిలబడి ఆయన వంక చూశాయి. తాతారావు దిగి నాలుగు బూతులు తిడితే కదిలాయి. అలా మొదటి రోజు గడిచింది.

రెండో రోజు బొర్రా గుహలు. దివిటీలు పట్టుకుని లోపలికి దిగాం. కనిపించిన ప్రతి రాయికీ ఆయన ఒక దేవుణ్ణి అంటగట్టారు. సున్నపు నీళ్ళు బొట్లు బొట్లుగా కారి మొలిచిన రాళ్ళవి. ఒకటి గణపతి, ఒకటి గరుత్మంతుడు. ఏ దేవుణ్ణీ పోలని దాన్ని ఋషి అన్నారు.

"ఇచ్చట పాండవులు ఎన్ని వత్సరములు వసించిరో యీ వృద్ధు నడుగుము," అన్నారు.

దారి చూపించడానికి వచ్చిన ముసలాయన్ని ఇక్కడ ఎప్పుడైనా ఎవరైనా ఉండేవారా అని అడిగాను. "గబ్బిలాలు," అన్నాడతను.

"పన్నెండేళ్ళు ఉన్నారని పెద్దలు చెప్పుకుంటారటండీ," అన్నాను పంతులుగారితో. ఆయన పరమానందంగా నోటుబుక్కులో రాసుకున్నారు. రాసుకుంటూ అడుగేసి, జారి, గబ్బిలాల రెట్టలో నడుం దాకా కూరుకుపోయారు. తిరుగు ప్రయాణంలో కారు లోపల ఆయన పక్కన కూర్చునే గౌరవం నాకు వద్దని, బయట మెట్టు మీద గాలికి నిలబడ్డాను.

మూడో రోజుకి నా చెయ్యి తిరిగింది. బుట్టలల్లే ఊళ్ళో "ఈ విద్య మీకు ఏ గురువు వలన లభించెను?" అని ఆయన అడిగితే, వెదురు చీలుస్తున్నవాడు తలెత్తకుండా "ధాన్యం పోసుకోడానికి బుట్ట కావాలి కదా, ఈయన ధాన్యం ఎందులో పోసుకుంటాడు?" అన్నాడు. నేను దాన్ని స్వప్నంలో అమ్మవారు ఉపదేశించిన విద్యగా చేసి చెప్పాను. చెట్టు నార వడికి చారల గుడ్డలు నేసే ఆడవాళ్ళ దగ్గర ఎరుపు దేనికి గుర్తు, నీలం దేనికి గుర్తు అని ఆరా తీశారు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఈయనకి ఇంటి దగ్గర పనేం లేదా అని నన్నడిగారు. ఎరుపు సూర్యుడు, నీలం ఆకాశం అన్నాను. నోటుబుక్కు సగం నిండింది. ఆ సగం నేను రాయించిందే. మీరు రేపు ఆ పుస్తకం చదివితే నన్ను తలుచుకోండి.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గేం వెయ్యలేదు. పుస్తకంలో అబద్ధాలుంటే కొండకి ఒరిగే నష్టం ఏమిటి? నా కళ్ళ ముందు గజపతినగరం స్టేషనూ, దాని పక్క వీధీ, ఆ వీధిలో రాజులమ్మా కనిపిస్తున్నారు.

నాలుగో రోజున నా బడికి రెండు మైళ్ళలో ఉన్న గదబలనే కొండవాళ్ళ ఊరికి వెళ్ళాం. ఊరి మధ్య రచ్చలో చదునైన రాళ్ళు గుండ్రంగా వేసి ఉంటాయి. ఊళ్ళో మనిషి చనిపోతే, ఆ తరవాత ఎప్పుడో చేతికి పంట వచ్చిన ఏడాది పెద్దకర్మ చేసి, ఆ మనిషి పేర ఒక రాయి తెచ్చి అక్కడ పెడతారు. ఆ రాళ్ళ మీద కూర్చునే ఊరి తగువులు తీర్చుకుంటారు. పోయినవాళ్ళు కూడా తగువు వింటారని వాళ్ళ నమ్మకం. కారు వెళ్ళే దారి లేదు కాబట్టి దాన్ని మైలు దూరంలో రోడ్డు మీదే ఆపాం.

పంతులుగారు ఆ రాళ్ళని చూసి కదిలిపోయారు. చుట్టూ తిరిగారు, టేపుతో కొలిచారు, ఒకదాని మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు.

"ఈ శిల రెండువేల యేండ్ల నాటిది. బౌద్ధభిక్షువుల యాసనము. సందేహము లేదు."

ఆ శిల సోంబరుది. పెట్టి పధ్నాలుగు నెలలయింది. నాకెలా తెలుసంటే, కిందటేడు మాఘమాసంలో దాన్ని వాగులోంచి ఎత్తినప్పుడు చెయ్యి వేసినవాళ్ళలో నేనొకణ్ణి. సోంబరు నాకు బాగా తెలిసినవాడు. బడి అరుగు మీద మధ్యాహ్నం దాకా నిద్రపోయి, లేచి, పిల్లలకి పాఠం తప్పు చెప్తున్నావని నాతో తగువేసుకునేవాడు. కోడిపందెంలో పుంజు కాళ్ళకి పసరు రాసి మోసం చేసేవాడు. అంత సరదా మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"అవునండీ, అలాగే ఉంది," అన్నాను.

"దీనిని పట్టణమునకు గొనిపోయి ప్రదర్శింపవలెను. వీరు మనకొసంగుదురేమో యడుగుము. నీ బదిలీ యుత్తరువు సోమవారము పంపెదను."

సోంబరు తమ్ముడు సుక్రు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను అతనితో "ఈ రాయి పట్టుకెళ్తారట" అన్నాను. ఇస్తారా అని అడగలేదు. మోటారులో వచ్చినవాడు కొండవాళ్ళ లెక్కలో సర్కారే. సర్కారు మీద తిరగబడ్డ మన్యం పితూరీ అణిగి నాలుగేళ్ళయినా, సర్కారుకి ఎదురు చెప్పిన ఊళ్ళకి ఏమైందో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. సుక్రు నా మొహం చూశాడు. నేను వేరే వైపు చూశాను. మరో ముగ్గుర్ని పిలిచి, రాయికి తాళ్ళు కట్టి, కర్ర దూర్చి భుజాలకెత్తుకున్నారు. మైలు దూరం మోసుకొచ్చి కారు వెనక సీటు మీద వాళ్ళే పెట్టారు.

తాతారావు ఇంజిను తిప్పుతున్నాడు. అప్పుడు వచ్చింది సోంబరు పెళ్ళాం గురుబారి. ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళ్ళి, ఊళ్ళోకి వచ్చి చూస్తే రాయి చోట గుంట కనిపించిందట. బుట్ట దింపకుండానే మైలు నడిచి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కారు తలుపు తెరుచుకుని ఎక్కి, రాయి పక్కన కూర్చుని, ఇప్పపువ్వు బుట్ట పంతులుగారి చేతిసంచీ మీద పెట్టింది.

"పదండి," అంది.

ఆవిడ మాట్లాడేది గదబ భాష. నాకు చేతనైన తెలుగులో చెప్తున్నాను.

"ఈమె యేమనుచున్నది?" అన్నారు పంతులుగారు.

"మిమ్మల్ని సాగనంపడానికి వచ్చిందండీ."

"సంతోషము. ఇక దిగుమనుము."

దిగమన్నాను. ఆవిడ నాకేసి కూడా చూడలేదు. "ఆడెక్కడుంటే నానక్కడ. ఆడ్నెక్కడెడతారో సెప్పు మేస్టారూ. పొద్దున్న ఎండ తగలాల. ఆడికి నడుం నొప్పి. వానలో ఎడితే మూలుగుతాడు."

నేను తాతారావు వైపు చూశాను.

"పండగ పండగకీ ఆడి మీద సారా పొయ్యాల. ఎవులు పోత్తారు? ఈ పిలక పంతులా? ఈయన సేత్తో పోత్తే ఆడు తాగడు. ఆడు బతికుండగా మరీ ఎవులు పోత్తే ఆళ్ళ సేత్తో తాగీసినోడు గానీ, ఇప్పుడు తాగడు."

"ఏమనుచున్నది?" పంతులుగారికి విసుగొచ్చింది. "ఇది రెండువేల యేండ్ల నాటి శిల యనియు, దీనితో నామెకు సంబంధము లేదనియు తెలియజెప్పుము. పొద్దుపోవుచున్నది."

చెప్పాను. చెప్పడానికి నాలిక ఎలా తిరిగిందో తెలీదు. గురుబారి అప్పుడు నా వైపు తిరిగింది. కోపంగా చూసినా బాగుండేది. ఆవిడ నిజంగా అర్థంకాక చూసింది.

"ఆ రాయెత్తిననాడు నువ్వూ సెయ్యేసినావు గదా మేస్టారూ," అంది. "నీ కాలి మీద పడబోతే సుక్రు అడ్డుకున్నాడు గదా."

సుక్రు ఇంకా అక్కడే, తాళ్ళు చుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. మూడేళ్ళుగా నాకు జ్వరం వస్తే గంజి తెచ్చింది ఈ ఇద్దరే.

"పంతులుగారూ," అన్నాను. "దీని వయసు పధ్నాలుగు నెలలండి. ఇతని పేరు సోంబరు. బౌద్ధుడు కాడు. పచ్చి తాగుబోతు. ఆవిడ ఇతని భార్య. ఈ రాయి వాగులోంచి ఎత్తినప్పుడు నేనూ చెయ్యి వేశాను. ఆవిడ సాగనంపడానికి రాలేదు, మొగుడి వెంట వచ్చింది. వానలో పెడితే ఆయన మూలుగుతాడు, ఎక్కడ పెడతారని అడుగుతోంది."

పంతులుగారి చెయ్యి జేబులోని నోటుబుక్కు మీదకి వెళ్ళింది.

"పాండవులు?" అన్నారు.

"గబ్బిలాలండి."

"స్వప్నోపదేశము?"

"ధాన్యం పోసుకోడానికండి."

తాతారావు ఇంజిను దగ్గర వంగి, భుజాలు కదిలిపోయేలా నవ్వు ఆపుకుంటున్నాడు. పంతులుగారి మొహం కందగడ్డలా అయింది. ఆయన్ని చూస్తే జాలేసింది కూడాను. నాలుగు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని, అంత ఇష్టంగా రాసుకున్నారు పాపం.

"దింపింపుము," అన్నారు చివరికి. రాయిని దింపాం. గురుబారి తన బుట్ట తను తీసుకుని దిగింది. ఆయన కారెక్కి, తలుపు వేసుకుని, అప్పుడు నాకేసి చూశారు. "నీవిక నిచ్చటనే యుండుము. నీ కెన్నటికిని బదిలీ లేదు." గ్రాంథికంలో తిట్టినా తిట్టు తిట్టే. కారు వెళ్ళిపోయింది.

తిరిగి ఎత్తేటప్పుడు, మోసుకొచ్చిన ముగ్గురిలో ఒకణ్ణి తప్పించి కర్ర ఒక కొస నేను భుజాన పెట్టుకున్నాను. సుక్రు వద్దనలేదు, రమ్మనీ అనలేదు. వెనక నడుస్తూ గురుబారి దారి పొడుగునా రాయిని చీవాట్లు పెట్టింది. "ఎవులు పిలిత్తే ఆళ్ళెనకాలెల్లిపోడవేనా. మోటారు కావలసొచ్చిందా నీకు. బుద్ధి సచ్చినా రాదు." సగం దూరంలో ఇక మొయ్యలేనన్నాను. దింపాం. ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడితే ఆవిడే రాయి చూపించింది.

"కూకో మేస్టారూ. కూకోడానికే గదా ఎట్టినాం."

కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ కాసేపు చూసి, "నువ్వూ ఈ కొండ మీదే పోతే నీకూ ఓ రాయెడతాం లే. సిన్నది," అంది.

"చిన్నదెందుకు?"

"పెద్దది మొయ్యడానికి నీకు పిల్లలేరీ? ముందు పెళ్ళాన్ని తెచ్చుకో."

మర్నాడు పొద్దున్నే రాజులమ్మకి ఉత్తరం రాశాను. బదిలీ రాదు, నేను చెడగొట్టుకున్నాను. ఇక్కడ దోమలు, జ్వరం, వానాకాలం వస్తే నాలుగు నెలలు దారి ఉండదు. మూడేళ్ళుగా నీకు అబద్ధాలు రాశాను. నువ్వు లేకుండా ఇక ఉండలేకపోతున్నాను, రా. మొదటిసారి ఆ ఉత్తరంలో గాలి సంగతి రాయడం మరిచిపోయాను.

జవాబు రాలేదు. పదకొండో రోజున బడి ముందు ఎడ్లబండి ఆగింది. రాజులమ్మ ట్రంకుపెట్టె, బియ్యం మూట దింపించుకుని, నన్ను కింద నుంచి మీద దాకా చూసింది. మూడేళ్ళ జ్వరాలకి నేను సగమయ్యాను.

"వచ్చే నెల, వచ్చే నెల అని రాత్తే మీరే వత్తారని కూకున్నాను," అంది. "ముందే రమ్మంటే రాకపోదునేటి?"