పాపమని పిలవడం మానేశారు

మా ఇంట్లో ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు పెట్టడానికి చోటు లేదు. అటక మీద అవే, గింజల బుట్ట పక్కన అవే, ఆఖరికి పొయ్యి వెనక కూడా అవే. నా కోడలు రమణిని చూడడానికి వచ్చినవాళ్ళు తలా ఒకటి తెచ్చారు. ఎవరు నేర్పారో గాని, ఒంట్లో బాగాలేని మనిషికి బిస్కెట్లే తిండి అని మా హుకుంపేట కొండల్లో అందరికీ గట్టి నమ్మకం.

రమణికి జ్వరం లేదు, దెబ్బా లేదు. సామలు కోసి ఇంటికి తెచ్చిన దగ్గర నుంచి మనసు బాగాలేదు. మాట్లాడదు, నిద్రపోదు, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటుంది. నా కొడుకు ఫల్గుణ ముందు మంత్రం వేసే గురువు చేత తాయెత్తు కట్టించాడు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ మాత్రలు రాసి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"మాత్రలు మానొద్దు. కానీ అవొక్కటే చాలవమ్మా. వేళకు తిండి పెట్టండి. రాగి అంబలి, అదే మీ చోడంబలి, పప్పు, ఆకుకూర, గుడ్డు, మీరు తినేవే. టీ తగ్గించండి. పొద్దున్నే ఎండలో నడవాలి. నలుగురిలో ఉండాలి."

ఇందులో కష్టమేముంది అనుకున్నాను. కష్టమంతా మా ఊరివాళ్ళ మంచితనంతో వచ్చింది.

నేను అంబలి కాస్తే, చూడడానికి వచ్చి ఉండిపోయిన మా ఆడపడుచు రత్నాలు గిన్నె లాక్కుంది. "రోగిష్టి మనిసికి సోడంబలి ఇత్తావేటి వదినా? నలుగురూ ఏటనుకుంటారు?" అని రేషన్ బియ్యం మెత్తగా వండి పంచదార వేసి పెట్టింది. రమణి రెండు ముద్దలు మింగి మళ్ళీ గోడవైపు తిరిగింది. మాటిమాటికీ టీ తెచ్చేవాళ్ళు వేరే. నేను వద్దంటే, "అత్త బుద్ధి ఎక్కడికి పోతాది? టీ సుక్క కూడా ఇవ్వనీదు" అని గొణుగుడు.

తిండి సంగతి రత్నాలు వాళ్ళింటికి వెళ్ళాక నేనే చూసుకున్నాను. నలుగురిలోకి పంపడం మాత్రం నా చేతిలో లేదు. కాఫీ పళ్ళ కోత మొదలైంది. మా ఆడవాళ్ళు జట్టుగా కోతకు వెళతారు. పొద్దున్నే వీధి వెంట నడుస్తూ ఒక్కో ఇంటి ముందు ఆగి పేరు పెట్టి పిలుస్తారు. పిలిస్తేనే వెళ్ళాలి. పిలవని జట్టు వెనక నడిచే ఆడది మా ఊళ్ళో లేదు.

జట్టు పెద్ద సోములమ్మ. ఆమె మా పక్కింటి గంగను ఊరు అదిరేలా పిలిచేది. మా ఇంటి ముందుకు రాగానే గొంతు తగ్గించి, అందరినీ మునివేళ్ళ మీద నడిపించేది. లోపల రమణి కళ్ళు తెరుచుకుని వినేది. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా విని, దుప్పటి ముఖం మీదికి లాక్కునేది.

ఒకరోజు సోములమ్మకు అడ్డం వెళ్ళి అడిగాను. "ఒలే, మా రమణిని పిలవవేటే?"

"పాపం, నిదరోనీ పిన్నీ."

"నిదరోతే కదే! పిలిత్తే లెగుత్తాది."

"మనసు బాగోని గుంటని పనికి లాక్కెల్తే మమ్మల్ని మనుసులంటారా? సెట్ల కింద కూకుని ఏడిత్తే?"

"ఏడవనీ! ఇంట్లో ఏడవట్లేదేటి?"

"నువ్వు మరీ రాయివి పిన్నీ" అని వెళ్ళిపోయింది.

మర్నాడు నాకు ఒళ్ళు మండింది. జట్టు మా ఇల్లు దాటబోతుంటే వీధిలోకి దిగి, వాళ్ళ మధ్యలో నిలబడి, మా ఇంటికేసి తిరిగి గొంతెత్తాను. "ఓ రమణీ! వత్తన్నావేటే?"

అందరికంటే ముందు గంగ నవ్వింది. "ఓలమ్మ! సొంతింటి ముందు నిలబడి సొంత కోడల్ని పిలుత్తాదేటి ఈ ముసిల్ది!"

నేను ఆగలేదు. మళ్ళీ పిలిచాను. తలుపు తెరుచుకుంది. రేగిన జుట్టుతో, ముఖం చిట్లించుకుని రమణి గడపలో నిలబడింది. "ఏటత్తా ఆ అరుపులు? ఊరంతా నవ్వుతన్నారు. సిగ్గు లేదేటి నీకు?"

ఎన్నాళ్ళకో ఆమె నోట నేను విన్న పొడుగు మాట అది. సోములమ్మకు ఇక తప్పలేదు. "సరే రా రమణీ. నడవగలిగినంత దూరం నడు" అంది.

మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. సంచిలో సగం పచ్చి కాయలే. పండినవి ఏరి కోయాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఎవరూ తిట్టలేదేటే?" అన్నాను.

"గంగ రెండు పచ్చికాయలు తెంపితే తిట్టారు. నాను ఇన్ని తెంపితే, పరవాలేదు తల్లీ అన్నారు" అంది చిరాగ్గా. ఆ చిరాకు మీదే గిన్నెడు అంబలి తాగి, ఇంకొంచెం పోయమంది.

మర్నాడు నేను పిలవకుండానే లేచింది. సంచి నడుముకు కట్టుకుని తలుపు వెనక నిలబడింది. సోములమ్మ గంగను పిలిచింది. మా ఇంటి ముందుకు వచ్చేసరికి మళ్ళీ గుసగుసలు. "నిన్న అలిసిపోనాది, పాపం." మళ్ళీ మునివేళ్ళు.

నాకు తల బాదుకోవాలనిపించింది. వాకిలి ఊడుస్తున్న చీపురు పారేసి అరవబోయాను. ఈలోగా తలుపు దడాలున తెరుచుకుంది.

"ఓలమ్మ సోములమ్మా! నాను సచ్చిపోనానేటే, పిలవకుండా ఎల్తన్నారు? ఆగండి!"

అంటూనే రమణి వీధిలోకి దిగిపోయింది. పొద్దుటి మాత్ర వేసుకోనేలేదు. ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో నీళ్ళ చెంబు పట్టుకుని, వాళ్ళందర్నీ తిట్టుకుంటూ నేను వెనక పరుగెత్తాను.