పొట్టేలు మెట్ట మీద అడ్డుచెక్క

నేను ఒక అడ్డుచెక్కను. పేరు విని మొహం చిట్లించకండి. మీ ఇంట్లో ఎవరినైనా అడ్డు అంటే తిట్టు కావచ్చు గాని, కొండదారి మీద అది ఉద్యోగం. ఎక్కుడులో బండి ఆగిపోయి వెనక్కి జారబోయినప్పుడు, వెనక చక్రం కింద నన్ను తోస్తారు. బండి ఆగుతుంది. లోపలున్నవాళ్లు డ్రైవర్ని మెచ్చుకుంటారు. నా ఊసు ఎవరికీ గుర్తు రాదు.

పుట్టింది అనకాపల్లిలో, లారీలకు బాడీలు కట్టే షెడ్డులో. మద్ది దూలం కోయగా మిగిలిన ముక్కను నేను. వడ్రంగి నన్ను పొయ్యిలోకి విసరబోయి, ఏమనుకున్నాడో, ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పలచగా చెక్కి, చెవిలా ఒక బెజ్జం పెట్టి, దానికి తాడు కట్టి ఓ లారీ డ్రైవరుకు ఇచ్చాడు. అలా పొయ్యి తప్పింది, చక్రం పట్టుకుంది. చాలా ఏళ్లు చింతపండు, పసుపు, అల్లం మోసే ఆ లారీకి కాపలా కాశాను. ఆ డ్రైవరు ముసలాడై స్టీరింగు వదిలేశాక, తన శిష్యుడు పాంగి సుందర్రావు పాత జీపు కొన్నాడని తెలిసి, కానుకగా నన్ను పంపించాడు. దండ పంపినా వాడిపోయేది. నేను వాడిపోను గదా.

పాడేరు దాటాక ఒక సంత ఊళ్లో సుందర్రావు జీపు ఆగేది. కొండలు చూడటానికి వచ్చినవాళ్లని పొద్దున ఎక్కించుకుని సాయంత్రానికి దింపేవాడు. ఆ జీపుల స్టాండు పక్కనే అతని భార్య చిలకమ్మ కాఫీ కొట్టు. పేరుకి కాఫీ కొట్టే గాని, ఏ రోజు ఏ దారిన పోవాలో తేలేది అక్కడే. ఆవిడ ఆకాశం వైపు చూసేది కాదు. కొండ మీద నుంచి సంతకు దిగి వచ్చేవాళ్ల కాళ్లు చూసేది. పాదాల వరకే బురద ఉంటే బండి పోతుంది. పిక్కల దాకా ఉంటే ఆలోచించాలి. మోకాళ్ల దాకా ఉంటే ఆ దారి పేరెత్తకూడదు. స్టాండులో డ్రైవర్లందరూ ముందు ఆవిడ దగ్గర కాఫీ తాగి, తర్వాతే బేరం మాట్లాడేవారు.

అందరూ ఆ మాట విన్నారు గాని, ఒక్క రోజు కట్టుకున్నవాడు వినలేదు.

చిలకమ్మ పుట్టిల్లు జాజిగరువు. దారులన్నిట్లోకీ ఎత్తైన దారి చివర ఉంది. మధ్యలో పొట్టేలు మెట్ట అని నిట్టనిలువు ఎక్కుడు. తల వంచి ఢీకొట్టినట్టు ఎక్కితే తప్ప అక్కడ జీపు పోదు. పోయిన శ్రావణంలో ఆవిడ చెల్లెలు దేముడమ్మ సీమంతం. "ఈయేళ వద్దయ్యా, అందరి కాళ్లకీ మోకాళ్ల దాకా బురదుంది" అని చిలకమ్మ అంటూనే ఉంది. సుందర్రావుకి తొందర. మెట్ట సగంలో జీపు ఆగింది. చిలకమ్మ దిగి నన్ను చక్రం కింద పెట్టింది. నా కిందున్నది నేల కాదు, వెన్న. నేనూ, చక్రమూ కలిసే జారాం. ఆవిడ కుడి పాదం అంచు మీదుగా చక్రం పోయింది.

ఎముకలు అతికాయి గాని నడకలో కుంటు మిగిలింది. సుందర్రావు ఏడ్చాడు, ఆసుపత్రి వరండాలో తల గోడకేసి కొట్టుకున్నాడు, ఇంటికొచ్చి "ఈ చెక్కే దగా సేసింది" అని నన్ను వెనక సీటు కిందకి గిరాటేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నాకు కోపం రాలేదంటే అబద్ధం. కాని తనని తాను తిట్టుకోలేనివాడికి తిట్టడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఒకటి నేనయ్యాను.

ఆ తర్వాత అతను పైదారి తొక్కలేదు. ఎవరైనా అడిగితే కొండచరియ పడిందనేవాడు. ఒకసారి వంతెన కొట్టుకుపోయిందన్నాడు. ఆ దారిలో వంతెనే లేదు! చిలకమ్మ విని ఊరుకునేది. అంత ఎక్కుడు నడిచే కాలు కాదు ఆవిడది. దేముడమ్మకి ఆడపిల్ల పుట్టి నెల దాటింది. పచ్చి బాలింత దిగి రాలేదు, ఈవిడ ఎక్కి పోలేదు. సంతకు వచ్చిన ఊరివాళ్లని "పిల్ల ఎవరి పోలిక?" అని వారం వారం అడిగేది. ఒకళ్లు తండ్రి పోలికనేవారు, ఒకళ్లు నీ పోలికే అనేవారు. రెండు రకాల మాటలు విని విని ఆవిడకి ఆత్రం ఎక్కువైంది.

కార్తీకంలో ఒక సంత రోజు పొద్దున్నే గుడివాడ నుంచి చక్రధర్ గారు, ఆయన భార్య విశాలాక్షి గారు స్టాండుకి వచ్చారు. చక్రధర్ గారి చేతిలో ఫోను, ఫోనులో కొండలన్నీ ఉన్నాయి. ఆయనకి ఒక్క రోజులో తిరిగొచ్చే దారి కావాలి. ఎత్తు ఉండాలి గాని కళ్లు తిరగకూడదు. అడవి ఉండాలి గాని జలగలు ఉండకూడదు. జనం ఉండకూడదు గాని దారిలో వేడి ఇడ్లీ దొరకాలి. మనుషులు పెళ్లికూతుర్ని వెదికేటప్పుడు కూడా ఇన్ని షరతులు పెట్టరు అనుకున్నాను, కాదు, పెడతారు.

"జలపాతం దారికి పోదాం బాబూ, హాయిగుంటాది" అన్నాడు సుందర్రావు.

"అక్కడికి అందరూ వెళ్తారటయ్యా. ఈ జాజిగరువు దారి బాగుందని రాశారే ఎవరో?"

"అది మూసీసినారు."

విశాలాక్షి గారు కాఫీ గ్లాసు పట్టుకుని మెల్లగా అడిగారు. "ఏమ్మా, నిజంగా మూసేశారా?"

చిలకమ్మ గ్లాసులు కడుగుతోంది. అప్పుడే జాజిగరువు ఆడవాళ్లు అల్లం బుట్టలు దించి ఆ కొట్టు ముందే కూర్చున్నారు. ఆవిడ ఒక్కొక్కరి కాళ్లూ చూసింది. వేళ్ల మధ్య ఎర్ర దుమ్ము తప్ప తడి చుక్క లేదు. నేను సీటు కింద నుంచే ఊపిరి బిగబట్టాను, చెక్కకి ఊపిరి ఉంటుందా అని మీరు అడగొద్దు.

"మూసింది దారి కాదమ్మా" అంది చిలకమ్మ. "ఈయన మనసు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆల్ల కాళ్లు సూడు. దారి ఎండిపోయింది. ఆ రోజు నా మాట ఇన్నేదు. ఈయేళైనా ఇంటావా?"

సుందర్రావు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"మరి సెక్రం కింద సెక్క ఎవులు ఎడతారు?" అన్నాడు చివరికి.

"నానే ఎడతాను."

"నువ్వా?"

"మరెవులు? నీకు నమ్మకం ఉన్నోళ్లు ఇంకెవులున్నారు?"

కొట్టు పక్కవాళ్లకి అప్పజెప్పి, ఉగ్గు గిన్నె, రెండు చిన్న గౌన్లు సంచిలో వేసుకుని చిలకమ్మ వెనక సీట్లో కూర్చుంది. అవి ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంచుకుందని అప్పుడు తెలిసింది మాకు. సుందర్రావు ఆ సంచి వైపు చూసి బండి తీశాడు.

పొట్టేలు మెట్ట కింద జీపు ఆపి అందర్నీ దిగమన్నాడు. వంగి సీటు కింద చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగాడు. చాలా రోజుల తర్వాత ఎండ చూశాను. అతను నన్ను తువ్వాలుతో అటూ ఇటూ తుడిచాడు, అక్కర్లేకపోయినా మళ్లీ తుడిచాడు.

"నేను పెడతానయ్యా, ఆవిడ కాలు బాగోలేదు కదా" అన్నారు చక్రధర్ గారు. మంచి మనిషే పాపం.

"మీకు అలవాటు నేదు బాబూ. మీరు ఫోటోలు తియ్యండి" అని నవ్వింది చిలకమ్మ. నన్ను అందుకుని, ఒక గోనె ముక్క మడిచి చంకలో పెట్టుకుంది. ఈసారి చక్రం వెనక కాక, పక్కన నడుస్తోంది. విశాలాక్షి గారు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు.

జీపు తల వంచింది. గులకరాళ్లు ఎగిరాయి. సగం దాకా బాగానే ఎక్కింది, సరిగ్గా అక్కడే, ఆ పాత చోటే, ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. చక్రం బెత్తెడు వెనక్కి కదిలింది. చిలకమ్మ గోనె పరిచింది, తాడు పట్టుకుని నన్ను దాని మీదకి తోసింది. చక్రం నా మీదకి ఎక్కింది. జీపు మొత్తం బరువు నా వీపు మీద పడింది. నేల గట్టిగా ఉంది. గోనె పట్టుకుంది. నేను కదల్లేదు. ప్రాణం పోయినా కదలనని అప్పుడే ఒట్టేసుకున్నాను.

లోపల నుంచి సుందర్రావు కేక పెట్టాడు.

"సిలకా! కాలు!"

"కాలు నా కాడే ఉంది! నువ్వు గేరు మార్సు!"

అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు కనపడలేదు. గేరు పడింది, చక్రం నా మీద నుంచి దిగింది, జీపు మెట్ట ఎక్కేసింది. చిలకమ్మ తాడు పట్టుకుని నన్ను ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ, పుట్టినూరి వైపు నడిచింది. అంత ఎక్కుడులో అంత నిదానంగా వెళ్లినా ఆవిడ ముఖంలో అలసట లేదు.

పైన చక్రధర్ గారికి పొగమంచు దొరికింది, లోయ దొరికింది. ఇడ్లీ దొరకలేదు, వేడి రాగి అంబలి దొరికింది. మూడు గ్లాసులు తాగారు. పిల్ల ఎవరి పోలికో కూడా తేలింది. ముక్కు పెద్దమ్మది, ఏడుపు పెదనాన్నది అన్నారు అందరూ. సుందర్రావు కళ్లు అప్పటికీ ఎర్రగానే ఉన్నాయి మరి.

పుట్టింటి నేల ఎగుడుదిగుడు. నులక మంచానికి ఒక కోడు గాల్లో ఉంది. దేముడమ్మ కాస్త కదిలితే చాలు, మంచం టక్కుమనేది, పిల్ల ఉలిక్కిపడి లేచేది. చిలకమ్మ రెండుసార్లు చూసింది. మూడోసారి వాకిట్లో ఉన్న నన్ను తెచ్చి కోడు కింద పెట్టింది. టక్కు ఆగింది. పిల్ల నిద్రపోయింది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు "సెక్క ఏదీ?" అని సుందర్రావు వెదికాడు. లోపలికి వచ్చి మంచం చూశాడు, పిల్లను చూశాడు. "ఉండనీ. దిగడానికి రాయి సాలు. వొచ్చే సంతకి మల్లీ వొత్తాం గదా, అప్పుడు తీసుకుందాం" అన్నాడు. ఆ మాట అన్నది ఇతనేనా అన్నట్టు చిలకమ్మ అతని వైపు చూసింది.

వచ్చే సంతకి నిజంగానే వచ్చారు. టూరిస్టులు ఎవరూ లేరు, ఇద్దరే. జీపులో కొత్త అడ్డుచెక్క ఉంది, ఇంకా రంపం వాసన పోలేదు. సుందర్రావు మోకాళ్ల మీద వంగి మంచం కింద చెయ్యి పెట్టాడు. నన్ను అటూ ఇటూ కదిపి చూశాడు. నేను కదల్లేదు.

"గట్టిగానే ఉంది" అన్నాడు పెళ్లాంతో, మెల్లగా. "ఆ రోజు కూడా దీని తప్పేటీ నేదు సిలకా. నాదే."

పిల్ల లేస్తుందని చిలకమ్మ నోటి మీద వేలు పెట్టుకుంది. అతని చెయ్యి మాత్రం చాలాసేపు నా మీదే ఉంది.