ముందు జవాబిచ్చిన పెట్టె

బ్లడ్‌బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే స్పందన బడంగ్‌పేట నుంచి మన్సూరాబాద్‌కు చేరేసరికి పొద్దున పది దాటింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు, ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. స్కూటీని సందుల్లోంచి తిప్పి తిప్పి తెచ్చింది. బొగ్గు గనులు మూతపడటంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ తెల్లవారుజామున వచ్చిన కరెంటు ఒక్కసారిగా ఎగసి సర్వర్‌ను కాల్చేసింది.

మేనేజరు రామమోహనరావు మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. గుడివాడ వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు.

"వచ్చావా అమ్మా. దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్‌హోమ్ నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. కాన్పు కేసు, రక్తం ఆగడం లేదట. ఓ నెగటివ్ కావాలి. ఫ్రిజ్‌లో మూడు సంచులున్నాయి, కానీ ఏది ఇవ్వచ్చో ఎలా చెప్పను?"

సంచుల్లోని రక్తానికి రోగాల పరీక్షలు నిన్నే అయిపోయాయి. ఫలితాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. వాటిని బట్టి అంటించే పచ్చ లేబుళ్లు పొద్దున ప్రింటు కావాలి, ఈలోగా సర్వర్ పోయింది. రాత్రి తీసిన కాపీ వేరే డిస్కులో భద్రంగా ఉంది. కొత్త సర్వర్ నిలబడితేనే దాన్ని చదవగలిగేది. మళ్లీ పరీక్షలు చేయాలంటే నాలుగు గంటలు పడుతుంది. ఆ బాలింతకు అంత వ్యవధి లేదు.

కొత్త సర్వర్ సిద్ధంగానే ఉంది. దానికి సీడీ డ్రైవ్ లేదు. పెన్‌డ్రైవ్‌తో ఎక్కించబోతే సర్వర్‌లోని డిస్కులు కనిపించలేదు. డిస్కులను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను స్పందన కిందటి నెలే పక్కనున్న చిన్న ఇన్‌స్టాల్ సర్వర్‌లో చేర్చిపెట్టింది. కొత్త యంత్రం లేవగానే నెట్‌వర్క్‌లో కేకేస్తుంది, ఇన్‌స్టాల్ సర్వర్ దానికి ఒక అడ్రసూ, తెచ్చుకోవాల్సిన ఫైలు పేరూ చెబుతుంది. ఆ తర్వాత మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు, అంతా దానంతటదే ఎక్కుతుంది.

బటన్ నొక్కింది. తెర మీద చుక్కలు కదిలాయి. అడ్రసు వచ్చింది. ఆ వెంటనే, ఫైలు పేరు అందలేదంటూ ఆగిపోయింది. మళ్లీ నొక్కింది, మళ్లీ అక్కడే ఆగింది. అంతలో కరెంటు పోయింది. బంకుల్లో డీజిలు దొరకడం లేదు కాబట్టి జనరేటర్‌ను ఫ్రిజ్‌లకే వదిలారు. సర్వర్ గదికి మిగిలింది యూపీఎస్ ఒక్కటే, దాని మీద యాభై రెండు నిమిషాలని కనిపిస్తోంది.

వైరు మార్చింది. ఇన్‌స్టాల్ సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపించింది. అయినా అదే.

తలుపు దగ్గర అటెండర్ హరిప్రసాద్ వచ్చి నిలబడ్డాడు, మెడలో గులాబీ కండువా. పొద్దున ధర్నాకు పోయి, ఫోన్ అందుకుని తిరిగొచ్చాడు.

"చెల్లె, ఏమన్న చేయాల్నా?"

రామమోహనరావు గొంతు పెంచాడు. "నువ్వు లోపలికి రాకు. నిన్న కరెంటు పోయినప్పుడు ఈ వైర్ల బీరువా తెరిచింది నువ్వేగా? అన్నీ బంద్ చేస్తామని క్యాంటీన్లో అన్నదీ నువ్వే. అన్నంత పనీ చేసినట్టున్నావు."

హరిప్రసాద్ ముఖం నల్లబడింది. "ఫ్యాన్ ఆగి లోపల వేడెక్కుతదని తెరిచిన సార్. ఒక్క వైరు ముట్టలె."

స్పందన ఎవరి వైపూ చూడలేదు. ఆమెది పోచంపల్లిలో మగ్గం నేసే ఇల్లు. పోగు తెగితే ఎవరు తెంపారని అడగకముందు ఎక్కడ తెగిందో చూడాలని నాయన అనేవాడు. ఇన్‌స్టాల్ సర్వర్ రాసుకునే చిట్టా తెరిచింది. కొత్త యంత్రం కేక వినపడినట్టు, జవాబు ఇచ్చినట్టు అందులో ఉంది. కానీ ఫైలు కోసం ఎవరూ రాలేదు.

అంటే కొత్త యంత్రం ఇంకెవరి జవాబో ముందు అందుకుంది. తెర మీది అడ్రసును ఈసారి సరిగ్గా చదివింది. తమ అడ్రసులు పదితో మొదలవుతాయి. ఇది నూట తొంభై రెండుతో మొదలైంది.

"సార్, బిల్డింగుల ఇంకో పెట్టె ఉన్నది. ఇండ్లల్ల పెట్టుకునే రౌటర్. అది మనకంటె ముందు అడ్రసు ఇచ్చేస్తున్నది. ఫైలు సంగతి దానికి తెల్వదు."

"ఎవడు పెట్టాడు?"

"ముందుగాల యాడుందో చూద్దాం. హరన్నా, లోపలికి రా. బీరువా తలుపు మీది కాగితంల ఏ నంబరు వైరు ఏ రూముకు పోతదో చదువు."

"వాణ్ని వద్దన్నాను కదమ్మా."

"నా ఒక్కదానితోని కాదు సార్. ముప్పై నిమిషాలే ఉన్నయి." అంటూనే బీరువా తలుపు తీసింది. రామమోహనరావు పక్కకు తప్పుకున్నాడు.

ల్యాప్‌టాప్‌తో ఆ తెలియని పెట్టెను ఆగకుండా పలకరించేట్టు పెట్టింది. అది జవాబిస్తున్నంతసేపు తెర మీద వరసలు దిగుతుంటాయి. ఒక్కో వైరూ పీకుతూ, చూస్తూ, తిరిగి పెడుతూ పోయింది.

"ఒకటి, రిసెప్షన్," అన్నాడు హరిప్రసాద్. వరసలు ఆగలేదు. "రెండు, డోనర్ల హాలు." ఆగలేదు. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. పదకొండు, పన్నెండు, పదమూడు.

పద్నాలుగోది పీకగానే తెర నిలిచిపోయింది.

హరిప్రసాద్ కాగితం చూశాడు గానీ చదవలేదు.

"ఏందన్నా?"

"మేనేజరు రూము."

రామమోహనరావు నెమ్మదిగా చెప్పాడు. "రాస్తారోకోలతో ఇంటికి పోలేక మూడు రోజులుగా ఇక్కడే పడుకుంటున్నాను. మా అమ్మాయి అమ్మాజీతో ల్యాప్‌టాప్‌లో మాట్లాడదామని ఇంటి రౌటర్ తెప్పించుకున్నాను. నిన్న సాయంత్రమే పెట్టాను, కరెంటు పోయినా నడవాలని నా గదిలోని చిన్న యూపీఎస్‌కు తగిలించాను. ఏ వైరు ఎందులో పెట్టాలో చూసుకోలేదు."

స్పందన ఆ వైరును బయటే వదిలేసి కొత్త యంత్రం బటన్ నొక్కింది. అడ్రసు వచ్చింది, పదితో మొదలయ్యేదే. ఫైలు పేరూ వచ్చింది. అక్షరాలు వానలా దిగడం మొదలయ్యాక గాని ఆమె కూర్చోలేదు.

సర్వర్ లేచి కాపీ ఎక్కేసరికి యూపీఎస్ మీద నాలుగు నిమిషాలు మిగిలాయి. ముందు ఆ మూడు సంచుల ఫలితాలు తెరిచింది. రెండింటికి పచ్చ లేబుళ్లు వచ్చాయి. మూడోదానికి హెపటైటిస్ బి అని వచ్చింది. రామమోహనరావు దాన్ని రెండుసార్లు చదివి గోడకు ఆనుకున్నాడు. ఫోన్ మీద ఫోన్ వస్తుంటే, చూసి చూసి ఏదో ఒకటి పంపేద్దామని అరగంట కిందట తనే అనుకున్నాడు.

హరిప్రసాద్ ఐసుపెట్టెలో రెండు సంచులూ సర్దుకుని బండి తీశాడు. చౌరస్తాలో కూర్చున్నవాళ్లు అతన్ని గుర్తుపట్టి దారిచ్చారట. ఒంటిగంట దాటాక నర్సింగ్‌హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. రక్తం ఎక్కుతోంది, మనిషి కళ్లు తెరిచింది.

సాయంత్రం హరిప్రసాద్ ఖాళీ పెట్టె తెచ్చి పెడుతుంటే రామమోహనరావు గదిలోంచి లేచొచ్చాడు. స్పందన అక్కడే ఉంది. ఆమెను బయటికి పొమ్మనలేదు.

"నాది తప్పయ్యా, హరిప్రసాదూ."

"రౌటర్ సంగతైతే ఇడిసిపెట్టుండ్రి సార్, తెల్వక పెట్టిన్రు," అన్నాడతను. "పొద్దున అందరికన్న ముందు నా పేరే ఎందుకొచ్చింది మీ నోటికి? గదొక్కటి చెప్పుండ్రి."

రామమోహనరావు కుర్చీ లాగి అతని ముందు వేశాడు. "కూర్చో," అన్నాడు.