దారానికి కట్టిన గుండీ

చెట్టు ఎదురుగా నిలబడి ఉంటే దాన్ని వదిలేసి నీళ్లలో కనిపించే చెట్టును ఫోటో తీసే మనిషిని కట్టుకున్నందుకు టైలరు ఎప్పుడూ బాధపడలేదు. వేళాకోళం మాత్రం మానలేదు. "చొక్కాని పక్కన పడేసి చొక్కా నీడకి కాజాలు కుట్టినట్టుందే నీ వ్యవహారం," అనేవాడు. అంటూనే ప్రతి ఆదివారం పొద్దున్నే భార్య కంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

వాళ్లు వెళ్లేది పార్కులో ఉన్న కొలను దగ్గరికి. దాని మీద సన్నటి చెక్క వంతెన, అవతలి గట్టున తెల్లటి మానులతో పొడుగాటి చెట్లు ఉంటాయి. గాలి లేని పూట ఆ చెట్లు నీళ్లలో తలకిందులుగా కదలకుండా నిలబడతాయి. భార్య కెమెరాని స్టాండు మీద బిగించి, గట్టు కనపడకుండా నీళ్లను మాత్రమే ఫ్రేములో పెట్టుకునేది. టైలరు వంతెన అంచున కూర్చుని, దారానికి కట్టిన కోటు గుండీని మెల్లగా కిందికి వదిలేవాడు. గుండీ నీళ్లను ఒక్కసారి తాకి పైకి వచ్చేయాలి. ఒక్క వలయం లేచి, విచ్చుకుంటూ పోయి, చెట్టు నడుమును మెలితిప్పుతుంది. సరిగ్గా అప్పుడు ఆమె నొక్కేది. రాయి వేస్తే నీళ్లు చెదిరిపోతున్నాయి, ఆకు వేస్తే చలనమే లేదు. గుండీ ఉపాయం టైలరుదే. ఆరేళ్ల పాటు ఒక్క ఆదివారం కూడా అతని చెయ్యి తప్పలేదు.

మూడేళ్ల క్రితం ఒక పొద్దున వలయం వెనకాల ఇంకో వలయం లేచింది. దాని వెనకాల సన్నగా మూడోది. నీళ్లలో మాను ముక్కలై, ముక్కకీ ముక్కకీ మధ్య ఆకాశం దూరింది.

"ఏం చేశారండీ ఇప్పుడు?" అంది ఆమె, కెమెరా తెర మీంచి కళ్లు తీయకుండా.

టైలరు గుండీని పైకి లాగి గుప్పిట్లో మూసేశాడు.

"ఎప్పుడూ ఒకటే కుట్టయితే విసుగు పుట్టదూ? కొత్త కుట్టు వేసి చూశాను. బాలేదా?"

"బాలేకపోవడమా! ఇన్నేళ్లూ ఈ విద్య ఎక్కడ దాచారు?"

ఆ ఫోటోని ఆమె పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, షాపులో అతని కుట్టుమిషన్ పైన గోడకి తగిలించింది. అప్పటి నుంచి కొత్త కుట్టు రోజురోజుకీ సన్నబడింది. వలయాల మీద వలయాలు పడుతుంటే చెట్టు చెట్టులా ఉండేది కాదు. తెల్లటి పీలికలూ, నల్లటి పీలికలూ, వాటి నడుమ నీలం. చూసినవాళ్లు ఇది నీళ్లని నమ్మేవాళ్లు కాదు. "మా ఆయన చేతి మహిమ," అని ఆమె అందరికీ టాంటాం వేసింది. ఆ మాట వచ్చినప్పుడల్లా టైలరు తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు. పొగడ్తకి సిగ్గుపడుతున్నాడని ఆమె మురిసిపోయేది.

ఆమె ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వొస్తుంది. ఫోటో స్టూడియోలో టచప్ చేస్తుంది. పాస్‌పోర్టు ఫోటోల్లో మొటిమలు చెరపడం, కళ్ల కింద నలుపు తీయడం, ఒక పక్కకి వాలిన భుజాన్ని సరిచేయడం ఆమె పని. ఊళ్లోవాళ్ల మొహాల మీద గోరంత లోపం ఉన్నా ఆమె కంటికి దొరికిపోతుంది. దీపం కిందే చీకటి అన్నారు పెద్దలు, ఊరికే అనలేదు.

చివరికి ఒక గ్యాలరీ ఆవిడ ఆ ఫోటోలు చూసి ముచ్చటపడింది. పన్నెండు ఇవ్వమంది. "తారీఖుల ప్రకారం వరసగా పెడదాం. మీ పనితనం ఎలా ఎదిగిందో చూసేవాళ్లకి తెలుస్తుంది. సోమవారం సాయంత్రం అయిదులోపు నాకు చేరాలి," అంది ఫోనులో.

శుక్రవారం మధ్యాహ్నం, టైలరు లైనింగు గుడ్డ కొనడానికి వెళ్లిన సమయంలో, ఆమె షాపుకొచ్చి బట్టలు కత్తిరించే పెద్ద బల్ల మీద పన్నెండు ఫోటోలూ పరిచింది. వెనక రాసుకున్న తారీఖులు చూసి ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. మొదటి నాలుగింటిలో ఒక్కటే వలయం. అయిదో దానిలో మూడు. ఆరో దానిలో అయిదో ఆరో. ఆ తర్వాతవి లెక్కకి అందలేదు. కావాలని కుట్టిన కుట్టు ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎడంగా పడాలి కదా. ఇవి పడలేదు. ఒక్కటీ వెనక్కి తగ్గలేదు. ఫోటో ఫోటోకీ వలయాలు ఇంకాస్త దగ్గరికి జరిగాయి, ఇంకాస్త ఎక్కువయ్యాయి.

ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఒకటొకటే గుర్తుకొచ్చాయి. షుగరు వస్తుందేమోనని భయం అంటూ టీ సగం కప్పే పోయించుకోవడం. బ్యాంకు కాగితాల మీద సంతకం "నువ్వే పెట్టేయ్" అనడం. కళ్లు మసకబారాయని చెప్పి గుండీలు కుట్టడానికి ఒకామెని పనిలో పెట్టుకోవడం. వీధి చివర వస్తున్నది ఎవరో చెప్పగలిగే కళ్లకి చేతిలోని గుండీ కనపడదా అని ఆమెకి అప్పుడు తోచలేదు.

టైలరు గుడ్డ మూటతో వచ్చి, బల్ల మీద వరసని చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పెళ్లిచూపులా? అన్నిటినీ ఒకేసారి కూర్చోబెట్టావు," అన్నాడు.

ఆమె నవ్వలేదు. గ్లాసు నిండా నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. కెమెరా సంచిలోంచి దారం, గుండీ తీసి అతని చేతికిచ్చింది.

"ఒక్కసారి తాకించండి. పాత కుట్టు. ఒక్క వలయం."

"ఇప్పుడా? కస్టమరు వచ్చే వేళ…"

"తాకించండి."

టైలరు దారం పట్టుకున్నాడు. మిషన్ దగ్గరైతే చెయ్యి గుడ్డ మీద ఆనుతుంది, నిలుస్తుంది. గాల్లో దానికి ఆధారం లేదు. గుండీ నీళ్ల దాకా పోకముందే గ్లాసు అంచుకి కొట్టుకుంది. టకటకమని ఆగకుండా మోగింది. ఆ చప్పుడు ఆపడానికి అతను రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది ఆమె.

"నీకు తెలుసుగా. నువ్వే తారీఖులు వేసుకున్నావు."

"నాకు తెలుసా! మూడేళ్లు నా కళ్లలో దుమ్ము కొట్టి, నాకు తెలుసంటారా? నా చేత మీ జబ్బుని ఫోటోలు తీయించారా?"

ఆమెకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. టైలరు గుండీని బల్ల మీద పెట్టి దారాన్ని దాని చుట్టూ చుట్టబోయాడు. అదీ కుదరలేదు.

"చేతులు వణికే టైలరుకి ఎవరు గుడ్డ ఇస్తారే? ఎవరికీ చెప్పకూడదనుకున్నాను," అన్నాడు. "నీకు మాత్రం చెబుదామనే అనుకున్నా, ఆ మొదటి రోజే. నోటిదాకా వచ్చింది. ఈలోపు నువ్వు అంత సంతోషపడిపోయావు. బావుందన్నావు. ఇంక ఎలా చెప్పను?"

ఆమె గోడ మీద ఫ్రేములోని చెట్టు వైపు చూసింది. మూడేళ్లుగా అతను దాని కిందే కూర్చుని మిషన్ తొక్కుతున్నాడు.

సోమవారం గ్యాలరీకి పోవాల్సిన ఫోటోల కవరు ఆసుపత్రికి పోయింది. వెయిటింగు హాల్లో రెండుసార్లు గ్యాలరీ ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆమె తీయలేదు. ఇక ఆ ఫోటోలు గ్యాలరీకి ఇస్తుందో ఇవ్వదో ఆమెకే తెలియదు. టైలరు మాత్రం పొద్దున ఇంటి గడప దాటుతున్నప్పుడు "ముందు అవి ఇచ్చేసి రావే, నా చెయ్యి ఎక్కడికీ పారిపోదు," అన్నాడు. అప్పుడు ఆమె గట్టిగా కసిరింది.

డాక్టరు పెద్దవయసు మనిషి. టైలరు చేత చేతులు చాపించాడు, పిడికిళ్లు మూయించాడు, కాగితం మీద గీత గీయించాడు.

"ఇది ఎప్పుడు మొదలైంది?"

"ఈమధ్యేనండి. రెండు నెలలు… మహా అయితే మూడు," అన్నాడు టైలరు.

ఆమె కవరు విప్పింది. పన్నెండు ఫోటోలూ డాక్టరు బల్ల మీద వరసగా పేర్చింది. డాక్టరు కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

"ఏంటమ్మా ఇవి?"

"చెట్లండి. నీళ్లలో. ఈ వలయాలు ఆయన చెయ్యి." ఆమె వేలు నాలుగు ఫోటోలు దాటి అయిదో దాని మీద ఆగింది. "ఇది మొదటిది. వెనక తారీఖు ఉంది."

డాక్టరు ఫోటో తిప్పి తారీఖు చదివాడు. ఒకసారి టైలరు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు.

"మూడేళ్లు. ఆ రోజు మీరేమీ గమనించలేదా?"

టైలరు చెయ్యి అలవాటు ప్రకారం జేబులోకి పోబోయింది. ఆమె దాన్ని పట్టుకుని పైకి తీసి, బల్ల మీద ఫోటోల పక్కన డాక్టరుకి కనపడేలా పెట్టింది. పెట్టిన చేతిని వదల్లేదు.

"గమనించానండి," అంది. "చాలా బావుందని ఫ్రేము కట్టించాను."